జనవరి కత్తిరింపు

"ఆగండాగండి! కోసేయకండి!"

మైలాపూరులో ఆ ఇంటి మేడమీద అద్దెకు దిగిన మూడో రోజు పొద్దున్నే, మెట్ల మీదినుంచి నేను పెట్టిన కేక అది. కింద పెరట్లో, నీళ్ళ తొట్టి పక్క నీడలో, ఒకమ్మాయి కట్టర్ పట్టుకుని కుండీలోని హైడ్రాంజియా మొక్కను మోకాలి ఎత్తుకు నరికేస్తోంది.

ఆమె తలెత్తి చూసింది. "మీరెవురు?"

"పైన పోర్షన్‌లో కొత్తగా దిగానండి. గురుప్రసాద్‌నండి. మాది కడియం అండి, మాకు నర్సరీ ఉందండి. ఈ మొక్కను జనవరిలో కత్తిరించకూడదండి. పాత కొమ్మల చివరే దీనికి మొగ్గ కడుతుంది. మీరిప్పుడు కోస్తున్నది కొమ్మను కాదండి, రాబోయే పువ్వుని."

"ఒక్క ఊపిరిలో ఎన్ని అండీలు చెప్పినారు!" అంటూ ఆమె ఇంకో కొమ్మ టక్కున కోసింది. "చెట్టు మాది. కట్టర్ మాది. మీరు పైకి పోయి కాఫీ తాగండి."

ఆమె పేరు కార్తీక. బ్యాంకులో ఉద్యోగం. ఇంటి ఓనరు మునిరత్నంగారి కూతురు. వాళ్ళ పెద్దలు తెలుగునాడు విడిచి ఏడు తరాల కిందటే ఇక్కడికి వచ్చేశారట. ఇంట్లో ముగ్గురే: తండ్రి, కూతురు, అవ్వ అమ్మణి.

కడియంలో పుట్టినవాడికి ఎవరైనా మొక్కను తప్పుగా కోస్తుంటే అన్నంలో రాయి తగిలినట్టే ఉంటుంది. పాపం, ఈ అమ్మాయికి మొక్కల సంగతి తెలియదు, నేర్పించాలి అని ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆమె కళ్ళు కూడా ఆ నిర్ణయానికి కొంత సాయం చేశాయని ఒప్పుకోవాలి.

ఇక చూడండి నా అవస్థ. ఎండాకాలమంతా షోళింగనల్లూరులో మా ఆఫీసుకు క్యాబ్ ఎక్కేముందు కుండీ చుట్టూ తడి గోనె కట్టేవాణ్ణి. కొబ్బరి పొట్టు తెచ్చి మొక్క మొదలు చుట్టూ పరిచాను. బోరు నీళ్ళు ఉప్పన. అందుకని వాన పడ్డప్పుడల్లా ఇంట్లో ఉన్న బకెట్లన్నీ పెరట్లోకి చేర్చేవాణ్ణి. కార్తీక వంటింటి గుమ్మంలో కాఫీ గ్లాసుతో నిలబడి తమాషా చూసేది.

"ఏం సార్, బిడ్డకు నీళ్ళు పోసినారా?"

"పోశానండి. మీరు మాత్రం మళ్ళీ కట్టర్ ముట్టుకోకూడదు."

"ముట్టుకుంటే?"

"మేడమీదినుంచి దూకేస్తానండి."

"ఐయో, వద్దుపా! కింద కుండీ ఉండాది. చెట్టు విరిగిపోతాది."

ఇలాంటి అమ్మాయిని ఏమనాలి? రోజూ ఇంకో పాఠం చెప్పేవాణ్ణి. ఆకు కిందికి వాలితే ఏమిటి, అంచులు మాడితే ఏమిటి, పూత అయిపోయాక ఎక్కడ కత్తిరించాలి. ఆమె బుగ్గన చెయ్యి పెట్టుకుని బుద్ధిగా వినేది. ఒకే పాఠం రెండుసార్లు చెప్పినా వినేది.

నవంబరులో ముసురు పట్టింది. ఒక సాయంత్రం వీధిలో మోకాలి లోతు నీళ్ళు ఈదుకుంటూ ఇంటికి వచ్చేసరికి, కార్తీక పెరట్లో నిలువునా తడిసిపోయి ఉంది. గొడుగు ఉంది, కానీ అది మొక్క మీద ఉంది.

"మీరు తడుస్తున్నారండీ!"

"కుండీలో నీళ్ళు నిలిస్తే వేరు కుళ్ళిపోతాదని మీరే కదా చెప్పినారు? రండి, ఒక చెయ్యి పట్టండి."

ఇద్దరం కలిసి ఆ సిమెంటు కుండీని వరండాలోకి లాగాం. ఆ లాగుడులో ఆమె చెయ్యి నా చెయ్యి మీద పడింది. కుండీ లోపలికి వచ్చాక కూడా కాసేపు అక్కడే ఉంది. ఇక దాచడం దేనికి, నాకు ఆ అమ్మాయంటే ప్రాణమని ఆ వానలోనే తెలిసింది.

డిసెంబరు చివరికి కొమ్మల చివర్లు బఠాణీ గింజల్లా ఉబ్బాయి. పట్టలేని సంతోషంతో ముందు అవ్వను పిలిచి చూపించాను. అమ్మణి అవ్వ మొగ్గను తడిమి చూసి నా గడ్డం పట్టుకుంది.

"నువ్వు చల్లగుండాల నాయనా! ఈ చెట్టు పూసినంక పెండ్లికి ఒప్పుకుంటానని నా మనవరాలు మాట ఇచ్చుండాది. మూడేండ్లయినా ఒక్క పువ్వు లేదు. తిరుత్తణిలో మంచి సంబంధం కాచుకోనుండాది. పూస్తానే పిలిపించేదే!"

నా చేతిలో చెంబు జారి కాలి మీద పడింది.

అప్పుడు వెలిగింది నా బుర్ర. ప్రతి జనవరీ ఆ కట్టర్ ఎందుకు ఆడిందో, మా మొదటిరోజు నేను చేసిన ఉపన్యాసానికి ఆమె ఎందుకు కోపం తెచ్చుకుందో అర్థమైంది. ఏడాది పాటు చెమటోడ్చి, ఎవరో తిరుత్తణి పెళ్ళికొడుక్కి నా చేతులతోనే పందిరి వేశాను.

జనవరి రెండో ఆదివారం పొద్దున్నే మా నర్సరీ కట్టర్ తీసుకుని కిందికి దిగాను. ఈ కాసిన్ని మొగ్గలు పోతే ఇంకో ఏడాది ఆమె ఎక్కడికీ పోదు. లావుపాటి కొమ్మ ఒకటి పట్టుకున్నాను. ఎంతకీ చెయ్యి నొక్కలేకపోయింది.

"ఆగండాగండి! కోసేయకండి!"

అచ్చం నా గొంతును వెక్కిరిస్తూ గుమ్మంలో కార్తీక.

"జనవరిలో కోస్తే పూయదని మీకు ముందే తెలుసు కదండీ?" అన్నాను తిరగకుండానే.

"కొన్న రోజే ఏర్కాడు కొండమీది తోటమాలి చెప్పినాడు."

"మరి ఏడాదంతా నా పాఠాలు?"

"బాగుంటాయి. విందామనిపిస్తాది." ఆమె దగ్గరికి వచ్చింది. "మీరేంది చేస్తా ఉండారు?"

"ఇది పూస్తే తిరుత్తణివాళ్ళు వస్తారండి. మీరు ఇష్టం లేకుండా ఎవరి ముందో కూర్చోవడం నాకొద్దు. ఇష్టంతో కూర్చోవడం అసలే వద్దు. మీరంటే నాకు చాలా ఇష్టమండి. ఈ మాట వాన రోజే చెప్పాల్సింది."

ఆమె నా చేతిలోంచి కట్టర్ మెల్లగా తీసుకుంది. "జనవరి పుట్టి ఇన్ని దినాలాయె. నా కట్టర్ ఆడనే మేకుకు వేలాడతా ఉండాది. దాన్ని ఎందుకు తీయలేదో మీకు తోచలేదా?"

నేను మేకు వైపు తిరిగి చూశాను.

"పూస్తే పెండ్లి చేసుకుంటానంటిని. ఎవుర్నని చెప్పలేదు కదా," అని నవ్వి లోపలికి పోయింది.

మార్చిలో పూసింది. నీలం పూలు పూయిస్తానని ఏడాదిగా కోతలు కోశాను. తీరా చూస్తే లేత గులాబీ రంగు; ఈ మొక్కకు మట్టిలో పులుపుంటేనే నీలం, బోరు నీళ్ళ సున్నం తగిలితే గులాబీ. "ఎన్ని బకెట్లు పట్టినా మైలాపూరు నీళ్ళే గెలిచినాయి," అంది కార్తీక. ఆ తర్వాత అవ్వనూ తండ్రినీ పెరట్లోకి పిలిచి, చెమటలు కక్కుతున్న నన్ను పక్కన నిలబెట్టుకుంది.

"అవ్వా, చెట్టు పూసింది. నా మాట మీద నేనుండా. తిరుత్తణికి మాత్రం ఫోన్ వద్దు. నాకు ఈయన చాలు."

మునిరత్నంగారు నన్ను కింది నుంచి పైదాకా చూసి, తల్లి వైపు తిరిగారు. అవ్వ తీరిగ్గా పువ్వును చేత్తో నిమిరింది.

"నేను తిరుత్తణికి ఫోన్ చేసుంటే కదే, వద్దనేదానికి? మూడు జనవరులు ఈ గోడకు అవతల కూర్చోని ఆ కట్టర్ చప్పుడు వింటినే. ఈ ఏడు చప్పుడు రాలేదు. అప్పుడే నాకు తెలిసిపోయింది."

కార్తీక సిగ్గుపడటం నేను మొదటిసారి చూశాను.

"ఏం అబ్బాయా, పూత అయినంక కత్తిరించాలంటివే, ఎప్పుడు?" అంది అవ్వ నా వైపు తిరిగి.

"పూలు వాడిన వెంటనేనండి. ఆలస్యం చేస్తే వచ్చే ఏటి మొగ్గ పోతుందండి."

"అట్లయితే ఇంక ఆలస్యం దేనికి? మీ నాయనకు ఫోన్ చెయ్యి. కొడుకు ఎవురింట్లో తోటపని చేస్తా ఉండాడో ఆయనా వచ్చి చూసుకోనీ."

మునిరత్నంగారు నవ్వి నా భుజం తట్టారు. నంబరు నొక్కాను. అవతల మా నాన్న "హలో" అన్నారు.

"నాన్నగారండీ, నేనండి, గురుప్రసాద్‌నండి..."

"మూడు," అంది కార్తీక, వేళ్ళు మడిచి నా అండీలు లెక్కపెడుతూ.