సిమెంటు లేని తుంటి

తెల్లారగట్ల హార్బర్లో బోట్ల చప్పుడు మొదలవగానే నూకాలుకి మెలకువ వస్తుంది. ఏడేళ్లుగా ఆమెకి అక్కడ పని లేదు. అయినా గుమ్మంలో నిలబడి, చేపల వేలం పాటకి పరుగెత్తే ఆడవాళ్లని చూస్తుంది. తనూ వెళ్లాలని ప్రాణం కొట్టుకుంటుంది.

ఏడేళ్ల కిందట అక్కడే ఐసు నీళ్లలో జారిపడి ఎడమ తుంటి విరిగితే, ఆపరేషన్ చేసి లోహపు కడ్డీతో కొత్త కీలు వేశారు. సిమెంటు పెట్టకుండా బిగించామనీ, ఎముకే పెరిగి పట్టుకుంటుందనీ డాక్టరు చెప్పాడు. కొడుకు అబ్బులు తాపీమేస్త్రి. సిమెంటు లేకుండా ఏదైనా నిలబడుతుందంటే వాడు చచ్చినా నమ్మడు. అప్పట్నుంచీ తల్లిని వీధి మలుపు దాటనివ్వలేదు.

ఆ ఉదయం కోడలు చంద్రిక ఉసూరుమంటూ బుట్ట దించింది. "మెత్తబడ్డ సేపలే అంటగట్టినారత్తా. పాటలో నాను నెగ్గలేకపోతన్నాను."

"రేపు నానొత్తాను," అంది నూకాలు.

ఇడ్లీ తింటున్న అబ్బులు తలెత్తాడు. "మళ్లీ ఏటమ్మా? లోపలెంత వదులైపోనాదో ఏటో."

"ఎవుడు సూసినాడ్రా? ఏడాదికోపాలి రమ్మన్నాడు డాక్టరు. ఒక్కపాలైనా తీసుకెళ్లినావా?"

"ఊడిపోతందని సెప్తే ఏటి సెయ్యాల?" అబ్బులు ఇడ్లీ పళ్లెం పక్కకి నెట్టేశాడు.

నూకాలు చీర మార్చుకుని వచ్చింది. "పద. ఇయ్యాల తేలిపోవాల."

ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశాడు. "కడ్డీ చుట్టూ ఎముక బాగా పట్టుకుంది. ఎక్కడా సందు లేదు. నేలమీద కూర్చోకండి, బరువులు మోయకండి. నడక మాత్రం మానొద్దు."

"సిమెంటు లేకండానే పట్టేసిందా సార్?" అన్నాడు అబ్బులు.

"ప్రాణమున్న ఎముకయ్యా. పెరుగుతుంది."

బయట బల్లమీద కూర్చున్నాక నూకాలు కోపం కట్ట తెంచుకుంది. "ఏడేళ్లురా. పాట నిలబడి పాడేదే కదా. కూకుని అమ్మడానికి చంద్రికుంది. నన్నెందుకలా కట్టీసినావు?"

అబ్బులు ఎక్స్‌రే కవరు పక్కన పెట్టాడు. "ఆ పొద్దు బుట్ట నాను మోత్తానన్నాను. నిద్దరోపోనాను. నువ్వు పడిపోనావు."

నూకాలు వాడివైపు తిరిగింది. వీడు ఇన్నేళ్లూ మోసింది ఇదా? వాడి తల ఒళ్లోకి లాక్కుంది. "ఓరి పిచ్చినాయనా. నిన్ను లేపనిది నానే. ముందురోజు స్లాబు పని సేసి అలిసిపోనావని లేపలేదు."

నలుగురూ చూస్తున్నా తల్లీకొడుకులిద్దరూ ఏడ్చేశారు.

మర్నాడు చీకటుండగానే నూకాలు తయారైంది. అబ్బులు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. పాపం, పడుకోనీ అనిపించింది. గుమ్మం దాకా వెళ్లింది కూడా. అక్కడ ఆగి, వెనక్కి వచ్చి, మంచం పక్కన నిలబడి వాడి భుజం తట్టింది.

"లెగరా అబ్బులూ. బుట్ట మోత్తానన్నావు కదా."