భీముడి సంబంధం

"మీవాడికీ మా హనీకీ జాతకాలు భేషుగ్గా కుదిరాయి బాబూ!" తలుపు తీస్తూనే అంది శశికళ ఆంటీ.

రఘువీర్ గుండె గుభేలుమంది.

అమెరికాలో ఈ ఫార్మింగ్టన్ హిల్స్ ఊరు మొత్తంలో కుక్కలకి పెళ్ళిచూపులు పెట్టిన మహాతల్లి ఈవిడొక్కతే! హనీకి బొట్టు కూడా పెట్టింది. రఘువీర్ పెంచుకుంటున్న భీముడు ఆ బొట్టుని శుభ్రంగా నాకేశాడు.

ఆంటీ కూతురు కృతి పకపకా నవ్వింది. ఆ నవ్వు కోసమే కదా, కుక్కల సంబంధం సాకుతో వేసవంతా అతను ప్రతి ఆదివారం ఈ ఇంటికొచ్చింది!

క్రాసింగ్‌కి ముందు తీయించాల్సిన ఎక్స్‌రే చూసి, నిన్ననే చెప్పింది కుక్కల డాక్టర్. భీముడి తుంటి కీళ్ళలో పుట్టులోపం ఉందట. పిల్లలకీ రావచ్చట. ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించేయమంది.

చెబితే సంబంధం పోతుంది. ఇక ఈ గుమ్మం ఎక్కడానికి సాకుండదు. చెప్పకపోతే? చూడ్డానికి భీముడు దుక్కలా ఉన్నాడు, ఎవరికి తెలుస్తుంది? పొద్దుటినుంచీ పాపం రఘువీర్‌కి మెతుకు దిగలేదు.

"గుడిలో అందరికీ పప్పీలు ప్రామిస్ చేసేశా" అంది ఆంటీ.

"ఫస్ట్ పప్పీ నాది. ఓకేనా రఘూ?" కృతి అతని కళ్ళలోకే చూస్తోంది.

ఆమె ఒళ్ళో లేవలేక మూలిగే కుక్కపిల్ల ఊహలో కనబడింది అతనికి.

"ఆంటీ, జాతకాలు కుదిరాయి గానీ ఎక్స్‌రే కుదర్లేదు. వీడి హిప్స్‌లో ప్రాబ్లమ్ ఉంది. పిల్లలకీ వస్తుందట. వద్దాంటీ, ఆపరేషన్ చేయించేస్తున్నా."

"అయ్యో రామా! ఇప్పుడు వాళ్ళందరికీ ఏం చెప్పను?" ఆంటీ మొహం మాడ్చుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

అంతే, అయిపోయింది అనుకున్నాడు. భీముడిని తీసుకుని కారు దగ్గరికొచ్చేసరికి చినుకులు మొదలయ్యాయి. వెనకాలే చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది కృతి.

"సర్జరీ ఎప్పుడు?"

"శుక్రవారం."

"నేను లీవ్ పెడతా. నేను డ్రైవ్ చేస్తా, నువ్వు వాణ్ణి పట్టుకో."

"ఇంక పప్పీలు ఉండవు కృతీ."

"ఐ నో! వాడు మెట్లెక్కలేకపోవడం నేను ఎప్పుడో చూశా. నువ్వు చెప్తావా, దాచేస్తావా అని ఎంత టెన్షన్ పడ్డానో తెలుసా?"

రఘువీర్‌కి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "చెబితే నువ్వు దూరమైపోతావని చచ్చేంత భయమేసింది. నువ్వంటే నాకు చాలా ఇష్టం."

"చెప్పావు కాబట్టే వచ్చా, స్టుపిడ్! దాచుంటే ఇంట్లోనే కూర్చునేదాన్ని" అంటూ వర్షంలోనే అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.