చల్లారిన సీసం

కూలీ గునపానికి పుర్రె తగిలింది.

1952 మార్చి. ఇంగ్లండులో, డెవన్ జిల్లాలోని ట్రెన్‌ఫోర్డ్ పట్నం. పదేళ్ల కిందట జర్మన్ బాంబులకు కాలిపోయిన సెయింట్ పెట్రోక్ చర్చిని మళ్లీ కడుతున్నారు. అయిదు వందల ఏళ్ల నాటి ఆ కట్టడంలో మిగిలినవి గోడలే.

ఇన్‌స్పెక్టర్ ట్రెలోర్ గోతిలోకి దిగాడు. వేలి ఎముకకు పెళ్లి ఉంగరం ఉంది. కబురంది వచ్చిన హెస్టర్ టాన్‌కాక్ దాన్ని గుర్తుపట్టింది.

"మా విల్ఫ్‌దే."

ఆమె భర్త విల్ఫ్ బాంబులు పడిన ఆ రాత్రి, మంటలు లేస్తే ఆర్పడానికి చర్చి కప్పు మీద కాపలా కాశాడు. తెల్లారేసరికి మాయమయ్యాడు. పారిపోయాడని ఊరంతా నమ్మింది. హెస్టర్‌ను 'పిరికివాడి పెళ్లాం' అంది.

"పాపం, బాంబుకే పోయాడన్నమాట," అన్నాడు సిరిల్ యెలాండ్. ఆ రాత్రి విల్ఫ్‌కు జోడీ అతనే. ఇప్పుడు చర్చి కమిటీ పెద్ద. "కేసు మూసెయ్యండి, ఇన్‌స్పెక్టర్ గారూ. మా పని ఆగిపోతోంది."

ట్రెలోర్ మూసెయ్యలేదు. ఎముకల కింద మట్టి తుడిచాడు. బూడిదరంగు లోహపు పొర బయటపడింది.

మర్నాడు యెలాండ్‌నూ హెస్టర్‌నూ అక్కడికే పిలిపించాడు.

"యెలాండ్ గారూ, విల్ఫ్ ఎప్పుడు పారిపోయాడు?"

"మొదటి బాంబు పడగానే. నీళ్ల పంపు కొట్టడానికొకడు, గొట్టం పట్టడానికొకడు ఉండాలి. ఒక్కణ్ణే ఏం చెయ్యను? నేనూ దిగిపోయాను."

"పారిపోయినవాడు చర్చిలో ఎలా చచ్చాడు?"

"దిగుతుంటే కప్పు కూలిందేమో!"

"ఇది కప్పు మీద రేకులుగా పరిచిన సీసం. ఆ మంటలకు కరిగి, కారి, నేల మీద గడ్డకట్టింది. కప్పు కూలి చస్తే విల్ఫ్ దీని కింద ఉండాలి. పైన ఉన్నాడు. సీసానికి ఆనిన కోటు పీలికల మీద కాలిన మచ్చ లేదు. సీసం చల్లారాకే ఇక్కడ పడ్డాడు."

"గోడరాయి పడి ఉంటుంది."

"ఈ మూల గోడ చెక్కు చెదరలేదు. ఎవరో రాళ్లు మోసుకొచ్చి శవాన్ని కప్పెట్టారు. ఇక్కడ తవ్వొద్దని కమిటీలో పట్టుబట్టిందెవరు? ఆర్కిటెక్టు మీ మాట వినలేదు, అంతే."

యెలాండ్ టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"పారిపోయింది నేను. తెల్లారి వస్తే వాడిక్కడే కూర్చున్నాడు. చేతుల నిండా బొబ్బలు. 'నువ్వుంటే ఆర్పేవాళ్లం సిరిల్' అన్నాడు. తిట్టనైనా లేదు. ఊళ్లో చెబుతాడని భయం. రాయి చేతికందింది."

సార్జెంట్ బేడీలు వేసి తీసుకెళ్లాడు. హెస్టర్ అటు చూడలేదు.

"ఇక మిమ్మల్నెవరూ ఏమీ అనరమ్మా," అన్నాడు ట్రెలోర్. "ఆయన పేరు కొత్త గోడ మీద చెక్కిస్తారు."

"ఊరు అన్నదే నేనూ అన్నాను కదయ్యా. పిల్లదానికి అదే నూరిపోశాను. ఆయన ఫొటోలన్నీ పొయ్యిలో పడేశాను." ఆమె గోతిలోకి చూసింది. "నిన్నటి నుంచీ తలుచుకుంటున్నాను. ముఖం గుర్తుకు రావడం లేదు."