సున్నపుగుట్ట మొదటి దిగుడు

ఆదివారం ఉదయం 6.50.

సున్నపుగుట్ట అడవిలో, మొదటి దిగుడు కింద ఉన్న రాతిగుంతలో వెంకట్రామ్ వెల్లకిలా పడి ఉన్నాడు. హెల్మెట్ రెండు ముక్కలైంది. ఒంటినిండా తెల్లటి రాతిపొడి. పదడుగుల పైన సైకిల్ ఒక పొదలో చిక్కుకుని ఉంది.

ఊపిరి లేదు.

చెన్నై నుంచి మూడున్నర గంటల ప్రయాణం. కొండంతా సున్నపురాయి, మీద చిక్కటి అడవి. పెరంబూరు, అంబత్తూరు కుర్రాళ్ళు శనివారం కార్ల మీద సైకిళ్ళు కట్టుకుని వెళ్తారు. ఆదివారం తెల్లారగానే అడవి దారిలో పైకెక్కి, రాళ్ళ మీంచి సైకిళ్ళు తొక్కుకుంటూ కిందికి దిగుతారు. మౌంటెన్ బైకింగ్ అట. ఇంట్లోవాళ్ళు నెత్తీ నోరూ కొట్టుకున్నా వింటారా? వినరు.

మధ్యాహ్నం 12.20కి ఇన్‌స్పెక్టర్ కోకిల అక్కడికి చేరింది. నిజానికి కేసు ఆమెది కాదు, స్థానిక ఎస్సై చిన్నస్వామిది. కానీ వెంకట్రామ్ పెరంబూరులో ఆమె వీధివాడు. కళ్ళ ముందు పెరిగినవాడు. ఆమె తండ్రి చెంగల్రాయుడు రైలు పెట్టెల ఫ్యాక్టరీలో ఫిట్టర్‌గా చేసి రిటైరై, ఇంటి వరండాలో ఈ కుర్రాళ్ళ సైకిళ్ళు బాగుచేస్తుంటాడు. శనివారం ఆయన కంటాసుపత్రికి పోతూ, వరండాలో కట్టేసి ఉంచిన వెంకట్రామ్ సైకిల్ గొలుసు తాళంచెవి కోకిల స్టేషన్‌లో ఇచ్చి వెళ్ళాడు. ఆ ఉదయం 9.40కి స్టేషన్ గేటు దగ్గర ఆ తాళంచెవిని వెంకట్రామ్ చేతిలో పెట్టింది ఆమే.

ఇప్పుడు ఆ కుర్రాడి మొహం మీద గుడ్డ తొలగించి చూడాల్సి వచ్చింది.

"కేసు తేలిపోయింది మేడం" అన్నాడు చిన్నస్వామి. "అదిగో, ఒప్పేసుకున్నాడు."

రాతి మీద విఘ్నేష్ కూర్చుని ఉన్నాడు. వెంకట్రామ్ జతగాడు. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"నేనే చంపేశా మేడం."

"ఎట్లా?"

"రిబ్బన్ మార్చినా."

ఏ దారిన దిగాలో తెలియడానికి చెట్లకు ఎర్ర రిబ్బన్లు కడతారు. పాతదారి గుంతకు దూరంగా పోతుంది. విఘ్నేష్ కట్టిన కొత్తదారి గుంత అంచు పక్కనే.

"ఎప్పుడు మార్చావు?"

"బుధవారం."

"ఎందుకు?"

"పాతదారి చప్పగా ఉండాదని. వాడు వద్దన్నాడు. గలాటా అయింది. చొక్కా పట్టుకున్నా."

"మార్చిన సంగతి చెప్పావా?"

"చెప్పినా. పొద్దున పైన నిలబడి చూపించినా. 'సరి, మెల్లగా దిగుతాలే' అన్నాడు. దిగినాడు. అంతే మేడం."

"గొడవుంది. దారి మార్చాడు. తానే చంపానంటున్నాడు" చిన్నస్వామి వేళ్ళు మడిచాడు. "రేపు అంబత్తూరులో వీడి గది సోదా. సాయంత్రం నాలుగింటికి అక్కడి కోర్టులోనే రిమాండ్."

కోకిల దిగుడు పొడవునా నడిచింది. మెత్తటి తెల్లపొడి మీద టైరు గీత స్పష్టంగా ఉంది. గీత తిన్నగా దారి మధ్యలోనే వచ్చింది. గుంత ఇంకా ఆరడుగులు ఉందనగా ఆగిపోయింది. ఆగినచోట జానెడు లోతున ముందు చక్రం దిగబడిన గుర్తు. ఆ తర్వాత ఏమీ లేదు.

దారి తప్పలేదు. జారలేదు. జారితే వెనక చక్రం ఈడ్చుకుపోయిన చార ఉండాలి కదా? సైకిల్ ముందుచక్రం మీద నిలబడిపోయి, మనిషిని ఎత్తి విసిరేసింది. ముందు బ్రేకు గట్టిగా పడితేనే అట్లా జరుగుతుంది. నాలుగేళ్ళు కొండలు దిగినవాడు నిట్టదిగుడులో ముందు బ్రేకు ఎందుకు బిగించి నొక్కుతాడు?

సైకిల్ ఎత్తి చూసింది. కుడిచేతి బ్రేకు నొక్కితే ముందు చక్రం ఆగింది. ఎడమచేతిది నొక్కితే వెనకది. రెండూ భేషుగ్గా పనిచేస్తున్నాయి. నోట్‌బుక్‌లో "సైకిల్: లోపం లేదు" అని రాసుకుంది.

అక్కడే పప్పులో కాలేసింది.

సోమవారం మధ్యాహ్నం 1.30. పెరంబూరు స్టేషన్.

సోదా ముగించుకుని చిన్నస్వామి విఘ్నేష్‌ను సంకెళ్ళతో తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. జీపులోంచి సైకిల్ దించి గోడకు ఆనించారు. కోకిల పిలిపించిన ఇద్దరు అదే బెంచీ మీద ఉన్నారు. ఒకరు వెంకట్రామ్ చెల్లెలు మధుమిత. రెండోవారు చెంగల్రాయుడు. ముసలాయన ఆదివారం నుంచి ముద్ద ముట్టలేదు.

రిమాండ్‌కు ఇంకా రెండున్నర గంటలే. విఘ్నేష్‌కు ఇరవై నాలుగేళ్ళు. హత్య కేసు పడితే బతుకు బుగ్గి.

"కొండ మీద ఈ సైకిల్ నువ్వేమైనా తొక్కావా?" కోకిల అడిగింది.

"లేదు మేడం. వాడి బండి మేమెవరం తొక్కం. దాని బ్రేకులు ఎదురు గదా."

కోకిల పెన్ను ఆగింది.

"ఎదురంటే?"

"ఫారిన్ బండి మేడం. సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు. మనకు కుడిచేత్తో ముందు బ్రేకు. దానికి ఎడంచేత్తో. వాడికి అదే అలవాటు."

"అవునక్కా" మధుమిత గొంతు సవరించుకుంది. "నాకు నేర్పించేటప్పుడు చెప్పేవాడు. ఎడంచెయ్యి గట్టిగా నొక్కితే బోర్లా పడతావే, కుడిచెయ్యే నీకు దిక్కు అని."

కోకిల లేచింది. సైకిల్ ముందు చక్రం పైకెత్తి గిర్రున తిప్పింది. కుడిచేతి బ్రేకు నొక్కింది.

చక్రం ఠక్కున ఆగింది.

"నిన్న కూడా చూశాను" అంది కోకిల. "నా స్కూటర్ ఇట్లాగే ఉంటుంది. పెరంబూరులో ప్రతి బండీ ఇట్లాగే ఉంటుంది. అందుకే నా కంటికి లోపం కనబడలేదు. కానీ వెంకట్రామ్‌కు ఇది తలకిందులు. శనివారం సైకిల్‌ను తిన్నగా కారెక్కించాడు. ఆదివారం కొండెక్కాడు. ఎక్కేటప్పుడు బ్రేకుతో పనేముంది? ఆ రోజుకి అదే మొదటి దిగుడు. గుంత పక్కన నెమ్మదించాలని, వెనక బ్రేకు అనుకుని కుడిచెయ్యి బిగించాడు. దారి వల్ల పోలేదు చిన్నస్వామి గారూ. విఘ్నేష్ వల్ల పోలేదు."

"మరి మార్చిందెవరు?"

ఆ ప్రశ్నకు జవాబు కోకిలకు అప్పటికే తెలుసు. తల తిప్పి చూసే ధైర్యం చాల్లేదు.

"నేనే" చెంగల్రాయుడు అన్నాడు. "బ్రేకు ఆయిల్ ట్యూబులు రెండూ కారతా ఉండాయి. కొత్తవి ఏసేటప్పుడు మన పద్ధతికి తిప్పినా. రోడ్డు మీద స్కూటర్, కొండ మీద సైకిలు, రెండిటికీ చెయ్యి ఒకటే గదా అప్పా? వేరేగా ఉంటే ఎప్పుడో ఒకనాడు తడబడతాడని తిప్పినా. మంచే అనుకున్యా."

"వెంకట్రామ్‌కు చెప్పావా నాయనా?"

ఆయన గోడకేసి చూశాడు.

"చెప్పలే. మర్చిపోయినా. డెబ్బై రెండేండ్లు నాకు. రాసుకోండి ఎస్సై గారూ. తప్పు నాది. వేరే ఎవురిదీ కాదు."

ఆ చివరి మాట కోకిలకు ఎక్కడో తగిలింది. ఫ్యాక్టరీలో ముప్పై ఆరేళ్ళు ఒక్క బోల్టు మార్చినా పై వాడికి చెప్పందే ఇంటికి రాని మనిషి. ఆయన మర్చిపోయాడా?

ఫోన్ తీసింది. శనివారం కాల్స్ చూసింది. 9.12. నాయన. నలభై ఎనిమిది సెకన్లు.

గుర్తొచ్చింది. అప్పుడు రోడ్డు మీద బందోబస్తులో ఉంది. ఒక చెవిలో వైర్‌లెస్ మోగుతోంది, రెండో చెవిలో నాయన. "అమ్మీ, ఆ పిల్లోడు ఫోన్ ఎత్తలే. తాళంచెవికి ఆడికి వస్తే నువ్వే చెప్పు. బ్రేకులు తిప్పినా, కుడిది ముందుది అని చెప్పు. మరవబాక." తను "సరే నాయనా, సరే" అని పెట్టేసింది.

"నాయనా, నీ ఫోన్ ఇట్లా ఇయ్యి."

చెవి మందం కాబట్టి ప్రతి కాల్ రికార్డ్ చేసుకుని మళ్ళీ వింటాడాయన. తెరిచి చూసింది. శుక్రవారంవి ఉన్నాయి. శనివారం సాయంత్రంవి ఉన్నాయి. 9.12 ది లేదు. చెరిపేశాడు.

ఆ మాటలకు ఇక సాక్ష్యం లేదు. తను నోరు విప్పకపోతే ఈ భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. పద్దెనిమిదేళ్ళ సర్వీసు, ఒంటి మీద యూనిఫాం, అన్నీ పదిలం. ముసలాయన మీద జాలిపడి కేసు కూడా తేలిగ్గా పోతుంది. కోకిలకు సిగ్గేసింది. ఎందుకంటే ఒక్క క్షణం, నిజంగా ఒక్క క్షణం, ఆ దారి ఆమెకు బాగానే కనిపించింది.

టోపీ తీసి బల్ల మీద పెట్టింది. వెళ్ళి బెంచీ మీద విఘ్నేష్ పక్కన కూర్చుంది.

"వీడి సంకెళ్ళు తియ్యండి చిన్నస్వామి గారూ. నా వాంగ్మూలం రాసుకోండి."

"మీదా?"

"వద్దే కోకిలా!" చెంగల్రాయుడు అరిచాడు. "నేను చెప్పలే అంటా ఉండా గదా!"

"చెప్పాడు" అంది కోకిల. "శనివారం 9.12కి నాకు ఫోన్ చేసి చెప్పాడు. వెంకట్రామ్‌కు చెప్పమన్నాడు. సరే అన్నాను. మర్చిపోయాను. ఆ పిల్లాడు ప్రాణం పోగొట్టుకున్నది నా మరుపు వల్ల."

చిన్నస్వామి తెల్లకాగితం ముందు పెట్టుకుని పెన్ను తీశాడు. చెంగల్రాయుడు కండువాలో మొహం దాచుకున్నాడు.

మధుమిత లేచి వచ్చి ఎదురుగా నిలబడింది. ఏడవడం లేదు.

"తాళంచెవి ఇచ్చేటప్పుడు గేటు దగ్గర మా అన్న ఎంతసేపు ఉన్నాడక్కా?"

"ఐదు నిమిషాలు."

"ఏం మాట్లాడుకున్నారు?"

కోకిలకు చెప్పకుండా ఉండడం ఇక చేతకాలేదు.

"'మీ నాయన ఏమైనా చెప్పమన్నాడా అక్కా' అని అడిగాడు" అంది. "'ఏమీ లేదు, ధైర్యంగా పో' అన్నాను."