కండక్టరమ్మ రాసుకున్న తలుపులు

ఉదయం 11:40. బస్ డిపో హాల్లో స్టేజీ వెనక 11:15 దాకా ఉన్న విరాళాల డబ్బా మాయమైంది.

పేగుల వాపు జబ్బుతో బాధపడుతున్నవాళ్ళ ఇంజెక్షన్ల కోసం కండక్టరమ్మ నెల రోజులు బస్సు బస్సూ ఎక్కి నింపిన డబ్బా అది. ఎందుకమ్మా ఇంత తాపత్రయం అంటే, "మా ఆడపడుచుకి ఆ జబ్బండీ" అనేది.

11:55కి ఇన్‌స్పెక్టర్ దిగాడు. ఆయన ముక్కు మామూలు ముక్కు కాదు. మూడు వీధుల అవతల ఎవరైనా అబద్ధమాడితే ఇక్కడ తుమ్ముతాడని ప్రతీతి. అందుకే ఆయన్ని పెళ్ళిచూపులకి పిలవడం మానేశారు.

డిపో మేనేజర్ తలుపు మూసి గొంతు తగ్గించాడు.

"దొంగ దొరికినట్టే సార్. కండక్టరమ్మ పొద్దుట్నుంచి ఐదుసార్లు బయటికెళ్ళింది. ఎక్కడికంటే చెప్పదు. ఇది ఆవిడ బ్యాగులో దొరికింది."

చిన్న నోట్‌బుక్. ఇన్‌స్పెక్టర్ పేజీ తిప్పాడు.

'9:10. మెట్ల కింద తలుపు. గడియ లేదు.

9:15. మేడమీద తలుపు. పర్వాలేదు.

11:05. పెరటి తలుపు. తాళం. ఒంటిగంట దాకా తీయరు.'

"చూశారా! కన్నం వేసేవాడు కూడా ఇంత శ్రద్ధగా రాసుకోడు."

స్టేజీ వైపు వెళ్ళినవాళ్ళు ముగ్గురు. కండక్టరమ్మ, ఆమె బస్సు డ్రైవరు, స్టోర్స్ గుమాస్తా. ఇన్‌స్పెక్టర్ పెరట్లోకెళ్ళి చూసొచ్చి, ఒక ఫోన్ చేసి, ముగ్గుర్నీ పిలిపించాడు.

"11:15 నుంచి 11:40 దాకా ఎక్కడున్నావమ్మా?"

"చెప్పలేను సార్."

"ఉద్యోగం పోతుంది."

"చెప్పినా పోతుంది సార్."

ముక్కు కదల్లేదు.

"నువ్వు?"

"బస్సులో పడుకున్నా సార్," అన్నాడు డ్రైవరు. "నా గురకకి ఇంజన్ ఆన్ చేశారనుకుని ఇద్దరు ఎక్కి కూర్చున్నారు కూడా."

ముక్కు కదల్లేదు.

గుమాస్తా పళ్ళికిలించాడు. "నాకు కడుపులో గడబిడండీ. 11:15 నుంచి 11:40 దాకా పెరట్లో టాయ్‌లెట్‌లోనే ఉన్నా. అక్కడికి కూడా సాక్షిని తీసుకెళ్ళమంటారా?"

ఇన్‌స్పెక్టర్ మూడుసార్లు తుమ్మాడు.

"దానికి తాళం వేసుందిగా?"

"ఎవరన్నారండీ?"

"ఈ నోట్‌బుక్. ప్లంబర్‌కి ఫోన్ చేసి కనుక్కున్నా. పైపు పగిలిందని పదకొండింటికే తాళం వేసుకెళ్ళాడట. మేనేజర్‌గారూ, ఇందులో స్టోర్స్ తలుపుందా? మీ గది తలుపుందా? దొంగకి పనికొచ్చే తలుపు ఒక్కటీ లేదు. అన్నీ టాయ్‌లెట్లే!"

గుమాస్తా ముఖం పాలిపోయింది. 12:30కి స్టోర్స్‌లో, ఖాళీ బ్యాటరీ పెట్టెలో డబ్బా దొరికింది.

మేనేజర్ బుర్ర గోక్కున్నాడు. "టాయ్‌లెట్ల వివరాలు ఎవరు రాసుకుంటారు సార్?"

"ఏ నిమిషాన పరిగెత్తాలో తెలియనివాళ్ళు." ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ ఆమె చేతికిచ్చాడు. "ఆపైన చెప్పాలో వద్దో ఆవిడిష్టం."

కండక్టరమ్మ నోట్‌బుక్ బ్యాగులో పెట్టుకుంది.

"జబ్బు నాదే. నాకసలు ఆడపడుచే లేదు. ఏడేళ్ళైంది సార్. తెలిస్తే రూటు మీంచి తీసేస్తారని..."

"నాకు తెలుసక్కా," అన్నాడు డ్రైవరు.

ఆమె ఉలిక్కిపడింది. "ఎప్పట్నుంచి?"

"పెట్రోల్ బంకు టాయ్‌లెట్ ముందు రోజూ బస్సాపి టైరు చూస్తానా? నాలుగేళ్ళలో ఒక్కసారైనా అందులో గాలి తగ్గిందా?"

మేనేజర్ డ్యూటీ చార్టు ముందుకు లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు.

కండక్టరమ్మ పేరు జోలికి వెళ్ళలేదు. ఆ రూటు కింద ఒక వరస రాసి సంతకం పెట్టాడు.

'పెట్రోల్ బంకు. స్టాపు. ఐదు నిమిషాలు.'