గుర్రం ఆవలించేదాకా

"గుర్రప్పిల్ల చచ్చిపోతోందని చెబుతుంటే మీకు ఆవలింతలొస్తున్నాయా?"

లాయంలో అందరూ తిరిగి చూశారు.

అడిగింది గుర్రాలకు మేత వేసి ఒళ్లు తోమే అమ్మాయి. నడిచే పని కూడా పరిగెత్తి చేస్తుందని అందరూ ఆమెను సుడిగాలి అంటారు. అడిగించుకున్నవాడు గుర్రాలకు ఆక్యుప్రెషర్ చేయడం నేర్పడానికి ఆ ఉదయమే వచ్చిన మాస్టారు. మాస్టారంటే నెరిసిన జుట్టాయన వస్తాడనుకున్నారు. తీరా చూస్తే ముప్పై కూడా నిండినట్టు లేడు.

"విసుగొచ్చి కాదండీ. మీరు మాట్లాడుతుంటే మీ భుజాలు చెవుల దాకా లేచిపోయాయి. మిమ్మల్ని చూసి గుర్రం కూడా బిగుసుకుంటోంది. నేను ఆవలిస్తే అదైనా కాస్త వదులవుతుందేమోనని."

"గుర్రం కోసం ఆవలించారా?"

"ఆవలింత అంటుకుంటుంది కదండీ."

"ఆవలిస్తే పేగులు లెక్కపెట్టేవాళ్లుంటారని మా అమ్మ అంటే నమ్మలేదు. గుర్రం పేగులు కూడా లెక్కపెడతారన్నమాట!"

అందరూ నవ్వారు. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. గోధుమరంగు గుర్రం ఈని ఆరు రోజులైంది. కాన్పు కష్టమై నడుం పట్టేసింది. పిల్ల మూతి పొదుగుకి తగిలితే చాలు, కాలు విసురుతోంది. డాక్టరు సూదులిచ్చాడు, మందులిచ్చాడు. ఇద్దరు పట్టుకుని పిండిన పాలు సీసాతో పడితే పిల్ల సగం తాగి సగం కక్కేస్తోంది. తల్లి దగ్గర తాగితేనే బతుకుతుందని డాక్టరు తేల్చి చెప్పేశాడు.

మాస్టారు నేర్పడం మొదలుపెట్టాడు. వెన్నుకి రెండు పక్కలా, నడుం దగ్గర, వేలికి తెలిసే చిన్న గుంట. అక్కడ బొటనవేలు ఆనించి, మెల్లగా బరువు పెట్టి, గుర్రం బిగువు వదిలేదాకా ఉంచాలి. అంతే. చెప్పడానికి అంతే.

"ఎంతసేపుంచాలి?"

"వదిలేదాకా."

"అంటే, ఇరవై లెక్కపెట్టాలా? ముప్పయ్యా?"

"లెక్కపెడితే మీ మనసు అంకెల మీద ఉంటుంది, గుర్రం మీద ఉండదు."

ఆమె లెక్కపెడుతూనే ఉంది. పన్నెండు దాకా వచ్చేసరికి పక్క గదిలో పిల్ల దగ్గినట్టు అనిపించేది. చెయ్యి తీసి పరిగెత్తేది. చూస్తే పిల్ల ఊరికే పడుకుని ఉండేది. ఊపిరి తీస్తోందా లేదా అని ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసి, మళ్లీ వచ్చేది. మళ్లీ ఒకటి నుంచి.

మాస్టారు మాత్రం కుడిచేయి జేబులోంచి తీసేవాడు కాదు. అన్నీ నోటితోనే.

"ఒడ్డున కూర్చుని ఈత నేర్పుతున్నారు," అంది ఒళ్లుమండి.

"మునిగినవాడే ఒడ్డున కూర్చుంటాడండీ," అన్నాడు. ఆ మాట ఆమెకు అర్థం కాలేదు.

ఇంటికెళ్తే అమ్మ పళ్లెం ముందు పెట్టి, "గుర్రాలకు నడుం నొక్కడం నేర్చుకుంటున్నావట. ఏడేళ్లుగా నాది పట్టేసి ఉంది, కనిపించలేదా తల్లీ?" అంది. కూతురు ముద్ద కలిపి అలాగే కూర్చుంది. అమ్మ గొంతు తగ్గించింది. "తినవే. నువ్వు పస్తుంటే దానికి పాలొస్తాయా?"

మూడోరోజు వాన పట్టుకుంది. ఆమె బొటనవేలి కింద ఏదో మెత్తబడినట్టయింది. గుర్రం పెదాలు నాక్కుంది. నోట్లో ఏమీ లేకుండానే నమలడం మొదలుపెట్టింది.

"అయ్యో, ఆకలేస్తోంది దీనికి!"

చెయ్యి తీసేసి, వానలో తడుస్తూ వెళ్లి చేతుల నిండా గడ్డి తెచ్చింది. వచ్చేసరికి గుర్రం మళ్లీ కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. పక్క గదిలోంచి తడబడుతూ వచ్చిన పిల్ల ఆశగా మూతి చాచింది. తల్లి గిట్ట తగిలి గోడ పక్కన పడింది.

మాస్టారు గడ్డి వంక, ఆమె వంక చూశాడు.

"ఖాళీ నోరు నమిలితే ఆకలి కాదు. బిగువు వదులుతోందని గుర్తు. తర్వాత వచ్చేది ఆవలింతే. మొదటిరోజే చెప్పాను."

"మొదటిరోజు నేను పక్క గదిలో పిల్లకి సీసా పడుతున్నాను," అంది. గడ్డి చేతుల్లోంచి జారిపోయింది. "నా చేతులతో నేనే చెడగొట్టాను. నా వల్ల కాదు మాస్టారూ. మీరే నొక్కండి. మీ కాళ్లు పట్టుకుంటాను."

అతను జేబులోంచి కుడిచేయి తీశాడు. బొటనవేలు పక్కకి వంగి, రంగు పోయి ఉంది.

"రెండేళ్ల కిందట గుర్రం తన్నింది. దీనికి వేడి తెలీదు, చల్లదనం తెలీదు. గుంట ఎక్కడుందో అసలే తెలీదు. ఎడంచేతికి ఎంత నేర్పినా రాలేదు. ఇంక నోరొక్కటే మిగిలింది. నా చేతులు ఇంకొకరికి వస్తాయేమోనని ఊరూరా తిరుగుతున్నాను. ఎవరికీ రాలేదు."

మునిగినవాడు ఎవరో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

నాలుగోరోజు మధ్యాహ్నం పిల్ల లేవలేదు. డాక్టరు చూసి, "సాయంత్రం దాకా చూద్దాం" అని తల తిప్పుకున్నాడు. ఇద్దరూ కలిసి దాన్ని ఎత్తి తల్లి పక్కన నిలబెట్టారు. మాస్టారు దాని పొట్ట కింద చేతులు వేసి పట్టుకున్నాడు. ఆమె గుర్రం పక్కన నిలబడి బొటనవేలు ఆనించింది.

లెక్కపెట్టలేదు. అంకెలు గుర్తుకురాలేదు కూడా. రేకుల మీద వాన మోత. చెయ్యి మొద్దుబారింది. ఏడుపొచ్చింది, తుడుచుకోలేదు. ఇంతేలే, అనుకుంది. ఇంతే అయినా, చెయ్యి మాత్రం తీయను.

గుర్రం నాక్కుంది. నమిలింది. ఆమె కదల్లేదు.

గుర్రం తల కిందికి వాలింది. పెద్దగా నోరు తెరిచి, పళ్లన్నీ కనపడేలా ఆవలించింది. ఒకసారి. ఇంకోసారి.

పిల్ల మూతి చాచింది. తల్లి కాలు లేవలేదు.

ఒక గుటక. రెండు. మూడోదానికి అలిసిపోయి ఆగింది. మూతికి నురగ. మళ్లీ వెతుక్కుంది.

"బతుకుతుందా?" అంది.

"తెలీదు. రేపు చెప్పగలను." పిల్ల తాగడం చూసి, "ఇక చెయ్యి తీయొచ్చు," అన్నాడు.

"తీయను. నిన్న తీసి చూశానుగా."

అతను ఒక చేత్తో పిల్లని పట్టుకునే, రెండోది చాచి ఆ వంకర బొటనవేలిని ఆమె చేతి మీద పెట్టాడు.

"ఏమైనా తెలుస్తోందా?" అని అడిగింది.

"వేలికి తెలీడం లేదు," అన్నాడు. "నాకు తెలుస్తోంది."

ఆమె భుజాలు దిగాయి. నాలుగు రోజుల్లో మొదటిసారి. అడ్డుపెట్టుకోవడానికి చెయ్యి ఖాళీ లేక, అతని ఎదుటే నోరంతా తెరిచి ఆవలించింది.

"విసుగొచ్చిందా?"

"పేగులు లెక్కపెట్టుకోండి," అంది సుడిగాలి, ముఖం తిప్పుకోకుండా. "లోపల ఏముందో మీకే తెలుస్తుంది."