కనుమ కనిపించేంత దూరంలో

"ఈ బూట్లు వేసుకుని మీరెప్పుడైనా కొండెక్కారా?"

లేదండీ అనుంటే గొడవే లేకపోయేది. కానీ ఆ అమ్మాయి సూటిగా కళ్లలోకి చూస్తూ అడిగింది. ట్రెక్కింగ్ బూట్ల షాపు ఓనరు కొడుకే అయినా, అతను పుట్టి బుద్ధెరిగాక మేడమెట్లు తప్ప ఇంకేమీ ఎక్కలేదు.

"చాలాసార్లండీ," అన్నాడు.

"ఏ కొండ?"

గోడమీద పోస్టర్లో రెండు మంచు శిఖరాల మధ్య ఓ కనుమ ఉంది. దాన్నే చూపించాడు. ఆమె మొహం విప్పారింది. అంతే, మనవాడి పని అయిపోయింది.

ఆమె స్కూల్లో పీటీ టీచర్. సరిగ్గా ఆ కనుమ దాటాలనే రెండుసార్లు వెళ్లి, మంచు అడ్డుపడి వెనక్కొచ్చింది. ఇప్పుడు మోకాలు అరిగిపోయింది. ఈ సీజన్ అవగానే ఆపరేషన్, ఆ తర్వాత కొండల మాటే ఎత్తొద్దన్నాడు డాక్టరు.

"నెల రోజులు ఇంట్లో వేసుకుని తిరగండి. కాలికి అలవాటు పడ్డాకే కొండ," అని ఆమె బూట్లు ప్యాక్ చేశాడు. వాళ్ల నాన్న ప్రతి కస్టమర్‌కీ చెప్పే మాటే అది.

ఆ నెలంతా ఆమె సాక్సులకోసారి, లేసులకోసారి వస్తూనే ఉంది. మీరు కాస్తా నువ్వు అయింది. చివర్లో తోడొస్తానన్న ఫ్రెండ్ హ్యాండిచ్చింది.

"దారి నాకు తెలుసు. ఒంటరిగా వెళ్లకూడదు కాబట్టి తోడు కావాలంతే. వస్తావా?"

నిజం చెప్పడానికి అదే సమయం. అతను వస్తానన్నాడు.

"నా పాత బూట్లు వేసుకెళ్లరా, మనిద్దరిదీ ఒకటే సైజు," అన్నాడు నాన్న.

"చూడ్డానికి బాగోవు నాన్నా."

ర్యాకులోంచి ఎర్ర లేసుల కొత్త జత తీసుకున్నాడు.

మొదటిరోజు జోకులతో గడిచిపోయింది. రెండోరోజు చెట్లు ఆగిపోయి, రాళ్లూ గాలీ మిగిలాయి. అతని మడమలు మండడం మొదలైంది.

"ఏంటి, కాళ్లీడుస్తున్నావ్?"

"వ్యూ చూస్తున్నా."

"నా వైపు చూస్తూనా?"

"వ్యూ అన్నానుగా."

ఆమె నవ్వేసింది. ఆ నవ్వు పోతుందని నొప్పి సంగతి చెప్పలేదు.

మూడోరోజు ఆకాశం కడిగినట్టుంది. ఎదురుగా కనుమ, దారిలో మంచు చుక్క లేదు. ఆఖరి రాళ్ల ఏటవాలు మొదట్లోనే అతను కూలబడ్డాడు. ఆమె బూటు విప్పింది. సాక్సు రక్తంతో అతుక్కుపోయి ఉంది.

"ఇవి కొత్తవి," అంది నెమ్మదిగా. "నువ్వు చెప్పావని నేను వంట చేసేటప్పుడు కూడా బూట్లు వేసుకునే ఉన్నా."

"నువ్వెళ్లు. నేనిక్కడే కూర్చుంటా."

"దాటితే దిగేది అవతలివైపు. మళ్లీ నీకోసం ఎక్కి రావడానికి నా మోకాలు ఒప్పుకోదు. నడవలేనివాణ్ణి ఈ చలిలో ఎలా వదిలేసి పోను?" బూటు పక్కన పెట్టింది. "అసలు ఇక్కడికెప్పుడైనా వచ్చావా?"

"లేదు. ఏ కొండకీ వెళ్లలేదు."

ఆమె కనుమ వైపు చాలాసేపు చూసింది. తర్వాత తన స్కార్ఫు చింపి అతని మడమలకు కట్టు కట్టి, అతని బ్యాగు కూడా తనే భుజాన వేసుకుంది.

"పదండి."

వచ్చిన దారినే దిగారు. ముందు కుంటుతూ ఆమె, వెనక కుంటుతూ అతను.

తర్వాత ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఆమె ఎత్తలేదు. ఆపరేషన్ అయిందని ఎవరో కస్టమర్ చెప్పారు. అతను మాత్రం షాపులో రోజూ ఆ బూట్లే వేసుకుని తిరిగేవాడు.

"ఎక్కడికిరా ప్రయాణం?" అనేవాడు నాన్న.

"ఎక్కడికీ కాదు నాన్నా."

ఒక సాయంత్రం ఆమె చేతికర్రతో వచ్చి స్టూలు మీద కూర్చుంది.

"మెత్తటివేమైనా చూపించండి. డాక్టరు పార్కుదాకా నడవమన్నాడు."

అతను మోకాళ్ల మీద కూర్చుని కొత్త జత తొడిగాడు. ఆమె చూపు అతని ఎర్ర లేసుల మీద పడింది.

"అవేనా?"

"అవే. ఇప్పుడు మెత్తబడ్డాయి."

"ఇప్పుడా."

ఆమె ఖాళీ గోడ చూసింది.

"పోస్టరేది?"

"తీసేశా. చూడలేకపోయాను."

"మళ్లీ పెట్టండి. ఇక నేను చూడగలిగేది అక్కడే."

"నావల్లే పోయింది నీ కనుమ. సారీ."

"సారీ అంటే తిరిగిరాదుగా. కోపం పోలేదు. పోతుందో లేదో కూడా తెలీదు." కర్ర అందుకుంది. "మా ఇంటి పక్కనే రెండు చెప్పుల షాపులున్నాయి, తెలుసా?"

అర్థం కావడానికి అతనికి కాస్త టైమ్ పట్టింది.

"పార్కుదాకా తోడు రానా?"

"ఆ పార్కుకి ఎప్పుడైనా వెళ్లావా?"

నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

"లేదు."

"అయితే రా," అంది. లేవడానికి అతని భుజం మీద చెయ్యి వేసింది.

పార్కు దగ్గరే. దారి చదునుగా ఉంది. అయినా ఆమె మధ్యమధ్యలో ఆగాల్సి వచ్చింది. ఆగిన ప్రతిసారీ అతనూ ఆగాడు.